పాట మధ్యలో జాగా

మా మేడ మీద గదిలో అద్దెకున్న కుర్రాడి మీద నాకు మొదటినుంచీ అనుమానమే. కాలేజీలో పాఠాలు చెబుతాడు, సిగరెట్ వాసన రాదు, మెట్లు దిగేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా చెయ్యడు. ఇంత బుద్ధిమంతుడు ఈ రోజుల్లో ఎవడైనా ఉంటాడా? పైగా ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే స్నానం చేసి తలుపు వేసుకుని కూర్చుంటాడు. కాసేపటికి ఒక్కొక్కరే రావడం మొదలుపెడతారు. అందరి చంకల్లోనూ పలచటి చదరపు అట్టపెట్టెలు. నాకు నమస్కారం పెట్టి మరీ పైకి వెళతారు. ఏదో తప్పుపనికి వెళ్ళేవాడే వాకిట్లో ముసలావిడకి అంత వంగి నమస్కారం పెడతాడని నా నమ్మకం.

మా అరసవల్లిలో ఆదివారం నిలబడ్డానికి చోటుండదు. సూర్యదేవుడి రోజు కదా. వీధి పొడుగునా ఆటోలు, గుండ్లు చేయించుకున్న పిల్లలు, లాడ్జీల ముందు ఆరేసిన తడిబట్టలు. ఆ రద్దీలో ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ పట్టదు. అందుకే ఈ రోజు ఎంచుకున్నారన్నమాట అనుకున్నాను. పేకాటేమో, గొలుసు వ్యాపారమేమో. ఓ ఆదివారం ఇక ఉండబట్టలేక మినపగారెల పళ్ళెం పట్టుకుని, చెప్పకుండా మెట్లెక్కి తలుపు తోశాను.

చాప మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి. మధ్యలో చెక్కపెట్టె, దానిమీద నల్లగా తిరుగుతున్న గ్రామఫోను రికార్డు.

"రండి టీచరుగారూ," అంటూ అందరూ లేచి నిలబడ్డారు. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలు లేచి నిలబడితే ముందు వాళ్ళ చేతులవైపు చూడటం నాకు అలవాటు. చేతుల్లో ఏమీ లేవు.

వాళ్ళ పని ఇదీ. ఒక్కొక్కరూ ఈమధ్య కొత్తగా విడుదలైన పాటల్లో తనకి నచ్చింది ఒకటి, ఎప్పుడో మూలపడి ఇప్పుడు మళ్ళీ అచ్చయిన పాత రికార్డు ఒకటి తేవాలి. మిగతావాళ్ళకి వినిపించి, ఎందుకు వినాలో చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోనివాళ్ళతో పోట్లాడాలి. ఒకడు కొత్త పాటలో దరువు గురించి చెబుతూ చేతులు ఊపేస్తున్నాడు. ఇంకొకడు వినకముందే పెదవి విరిచాడు. "ముందు రెండుసార్లు విను, ఆ తర్వాత తిట్టు," అని ఆ అమ్మాయి కసిరింది. నా గారెలు మాత్రం ఏ పోట్లాటా లేకుండా అయిపోయాయి.

నా అనుమానం తీరలేదు సరికదా, పెరిగింది. పోయినవాళ్ళ గొంతుల్ని ఇంత కష్టపడి ఎవరు తవ్వుతున్నారు? తవ్వి ఏం చేసుకుంటారు? ఒకడు ఒక వస్తువుని ఇంతగా మెచ్చుకుంటున్నాడంటే దానివెనక ఏదో ఉండాలి. నా పెంపకం అలాంటిది. నన్ను పెంచినావిడ ఉప్పుకల్లుని కూడా నాలిక మీద వేసుకుని చూస్తేగానీ ఉప్పని నమ్మేది కాదు.

ఆ తర్వాత ఓ ఆదివారం పెరట్లో చల్లమిరపకాయలు ఎండబెట్టుకుంటున్నాను. మేడమీంచి ఆడగొంతు ఒకటి వినబడింది.

"తెల్లారె తెల్లారె తెరసాప సూడండి, ఏ కెరటమెక్కోని ఎవలొస్తన్నారో..."

చేతిలో మిరపకాయలు నేలపాలయ్యాయి. ఆ గొంతు మా అత్తది.

మా ఊరు సముద్రం ఒడ్డున. పేరు చెప్పను. సగం ఊరు ఇప్పుడు నీళ్ళలోనే ఉంది, చెప్పినా మీరు వెతుక్కోలేరు. మా అమ్మ కాన్పు కష్టమై మంచాన పడితే, ఆ చలికాలమంతా నన్ను మేనత్త ఇంట్లో వదిలారు. మా నాన్నకి అక్క. ఎండుచేపలు గంపకెత్తుకుని శ్రీకాకుళం బజారులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ అమ్మేది. ఆ ఇంట్లో నేనూ, అత్తా, అత్తకి అత్తగారూ. ఆవిణ్ణి నేను మామ్మ అనేదాన్ని. మామ్మకి కళ్ళు కనబడవు.

మావ లేడు. ఆ ముందు వానాకాలంలో తెప్ప వేసుకుని వేటకెళ్ళాడు, తిరిగి రాలేదు. మనిషి రాలేదు, తెప్ప రాలేదు, శవమూ రాలేదు. శవం రాకపోతే మా ఊళ్ళో ఎవరూ ఏదీ తేల్చరు. అత్త గాజులు తియ్యలేదు, బొట్టు చెరపలేదు. ఎవరైనా అడిగితే, "వస్తాడు. రాకేటి?" అనేది.

దాంతో ఊరికి అనుమానం పట్టుకుంది. పారాదీప్ వెళ్ళొచ్చిన ఒకడు, అక్కడ ఐసు షెడ్డు దగ్గర మావలాంటి మనిషిని చూశానన్నాడు. పక్కన ఒక ఒరియా ఆడమనిషి, ఆమె చంకలో బిడ్డ కూడా ఉన్నారట. ఇంకేం, నూతి దగ్గర రోజూ అదే మాట.

"దీనికి కబురు అందతంది. నేకపోతే గాజులేసుకోని ఇంత దైర్నంగా తిరుగుతాదేటి?"

"ఆడు ఎలిపోనాడంటే సిగ్గుగదా. అందుకే నెపం సముద్రం మీద ఎడతంది."

అత్త బిందెతో వచ్చేసరికి అందరూ నోళ్ళు మూసుకుని చేదలు లాగేవారు. అత్తకేమీ వినబడనట్టే ఉండేది. కానీ ఊరికి ఆమె మీద ఎంత అనుమానమో, ఆమెకి ఊరి మీద అంతకు రెట్టింపు. తూకంరాయిని నమ్మేది కాదు, బస్సు కండక్టర్ని నమ్మేది కాదు. నన్ను అసలే నమ్మేది కాదు. నేను చాటుగా ఎండు నెత్తళ్ళు నిప్పుల్లో కాల్చుకు తిని, చేతులు ఇసకతో తోముకుని వచ్చేదాన్ని. దగ్గరకి లాక్కుని నా వేళ్ళు వాసన చూసేది.

"ఒసే గుంటా, నా కాడే ఏసాలేటి?" అని చెవి మెలిపెట్టేది. తర్వాత తనే గుప్పెడు కాల్చి, చోడి అంబలిలో నంజుకోమని పెట్టేది. ఆ కాల్చిన నెత్తళ్ళ వాసన ఇప్పుడు గుర్తొచ్చినా నాకు ఆకలేస్తుంది.

మామ్మ పొద్దున్నే లేచి గుమ్మంలో గోడకి జారబడి కూర్చునేది. అత్త నీళ్ళు తోడేది. చేదతాడు లాగినప్పుడల్లా గాజులు మోచేతిదాకా జారి, మళ్ళీ మణికట్టు మీదకి వచ్చి పడేవి. ఘల్లు. కాస్త ఆగి, ఘల్లుఘల్లు. ఆ చప్పుడు విన్నాకే మామ్మ, "ఆఁ, తెల్లారింది," అనేది. అంతవరకూ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. కోడలి చేతికి గాజులున్నంతకాలం కొడుకు ఎక్కడో ఉన్నట్టేనని ఆవిడ లెక్క.

నేను వెళ్ళిన కొత్తల్లో జరిగింది ఒకటి చెప్పాలి. ఓ పొద్దున్న అత్త ఒడ్డుకెళ్ళి, కొంగు చాటున ఏదో దాచి తెచ్చింది. విరిగిపోయిన తెడ్డు. పట్టుకునేచోట చిన్న చిన్న గాట్లు పెట్టి ఉన్నాయి. పెరట్లో కూర్చుని దాన్ని కత్తితో ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేసింది.

"ఎవరిదత్తా?" అన్నాను.

"ఎవలిదో. సెద పట్టిపోనాది."

నేను చూశాను, చెదా లేదు గిదా లేదు. ఉప్పునీళ్ళు తాగిన కర్ర నీలంగా మండింది. ఇల్లంతా ఉప్పు పొగ. గుమ్మంలో మామ్మ మొహం ఇటు తిప్పింది.

"ఏటే ఆ వాసన?"

"తడికర్ర, అత్తా," అంది మా అత్త.

"ఊఁ," అంది మామ్మ. ఆ రోజు ఆవిడ అంబలి తాగలేదు. పంటినొప్పి అంది. నోట్లో ఒక్క పన్ను లేని మనిషికి పంటినొప్పేమిటని నాకు అనుమానం వచ్చింది. అడిగితే చెవి మెలిపెడతారని ఊరుకున్నాను.

ఇక పాటల సంగతి. మా ఊరికి కొత్త పాటలన్నీ చేపలగంపల్లోనే వచ్చేవి. గంప ఖాళీ అయ్యాక అత్త బజారులో టీ హోటల్ ముందు నిలబడి, రేడియోలోనో మైకులోనో వచ్చే పాట పట్టుకుని వచ్చేది. సాయంత్రం చేపలు ఎండేసే ఇసకలో ఆడవాళ్ళంతా చేరి, "ఏటి తెచ్చినావే ఈపాలి?" అని అడిగేవారు. అత్త పాడి చూపించేది. "పల్లవొకటే ఇనండి. సరణంలో పస నేదు," అని తీర్పు కూడా తనే చెప్పేది. మేడమీద పిల్లలు చేస్తున్నదీ ఇదే పని. వాళ్ళకి చేపల వాసన లేదు, అంతే తేడా.

కానీ మా ఊరి సొంత పాట ఒకటుండేది. అమ్మవారి పండగకి ఒడ్డున నిలబడి ఆడవాళ్ళు మాత్రమే పాడేది. ముందు పాడేది అత్త, మిగతావాళ్ళు అందుకునేవారు. ప్రతి చరణం తర్వాతా పాట ఆగిపోవాలి. ఆ ఖాళీని జాగా అనేవాళ్ళు. ఆ జాగాలో, సముద్రానికి మనిషిని ఇచ్చుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఆ మనిషి పేరు లోగొంతుతో అనాలి. మనిషి క్షేమంగా ఉన్నవాళ్ళు పేరు అనకూడదు. చెయ్యెత్తి గాజులు మోగించాలి. మా ఊళ్ళో ఆడది మొగుడి పేరు పలికేది ఆ జాగాలోనే, అదీ అతను పోతేనే. బతికున్న మొగుడి పేరు పలకడం పెద్ద అపచారం. రేషన్ కార్డు ఆఫీసులో గుమస్తా, "నీ భర్త పేరేంటి?" అని అడిగితే అత్త నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వు సెప్పవే." నేను గట్టిగా చెప్పాను. ఆ పేరు నాకు అలా నోటికొచ్చింది.

ఆ ఏడు పండగలో నేను అత్త పక్కనే నిలబడ్డాను. జాగా రాగానే ఊరి కళ్ళన్నీ అత్త మీదే. అత్త చెయ్యెత్తి గాజులు మోగించింది. దూరంగా మామ్మ తలాడించింది. నూతి దగ్గరి నోళ్ళకి నెల్లాళ్ళకు సరిపడా మేత దొరికింది.

తర్వాత కొన్నాళ్ళకే వ్యాను వచ్చింది. రాజాంలో రేడియోలూ రికార్డులూ అమ్మే ఒక షావుకారు, మన వైపు పాటలు మనమే రికార్డు వెయ్యాలని సరదా పడి, టేపు మిషనూ, దాన్ని నడిపే మనిషినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మా ఊళ్ళో వ్యాను చూసినవాడు అలా అనుకోలేదు.

"ఆపరేషన్ల బండొచ్చిందిరోయ్!" అని ఎవడో కేక పెట్టాడు. అంతే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి పట్టుకుపోతారని ఊళ్ళో మగాళ్ళందరూ పంచెలు ఎగ్గట్టి సరుగుడు తోటలోకి పరుగో పరుగు. ఒకడు తింటున్న కంచంతో సహా వెళ్ళిపోయాడు. షావుకారు దిగి చూసేసరికి ఊరంతా ఆడవాళ్ళే. ఆ రికార్డులో మగగొంతు లేకపోవడానికి కారణం ఇదే. మేడమీద పిల్లలు దాన్ని ఏదో గొప్ప ఆలోచన అనుకుంటున్నారు.

పాడమని ఒప్పించడానికి ఆయనకి తాతలు దిగొచ్చారు. "గొంతు అందులోకి ఎలిపోతే మరి మనకేటి మిగుల్తాది?" అని ఒకామె. "రేపు మన పేర్లు రాసుకోని పట్టుకుపోతారేటో," అని ఇంకొకామె. చివరికి అత్త వెళ్ళి మిషను చుట్టూ తిరిగి, వెనకవైపు వంగి చూసి, "పాడదాం. ఏటవుతాదో నానూ సూస్తాను," అంది.

బడి అంటే తాటాకు పాక. అందులో పెట్టారు మిషను. పాడేది అత్త కాబట్టి మైకు సరిగ్గా అత్త నోటి ముందు పెట్టారు. మొదలుపెట్టగానే మిషనతను ఆపేశాడు.

"గాజుల చప్పుడు పడుతోందమ్మా. అందరూ గాజులు తీసెయ్యండి."

పెద్ద గోల లేచింది. "ఓలమ్మో! మొగుడుండగా గాజులు తియ్యమంతన్నాడు! ఈడి నోట మన్నుపడ!" ఆఖరికి షావుకారు దండాలు పెట్టి, గాజులకి గుడ్డపేలికలు చుట్టుకుంటే చాలని రాజీ చేశాడు. పాక బయట గోడకి ఆనుకుని కూర్చున్న మామ్మ ఇదంతా వింది.

"నువ్వు తీసినావేటే?" అని కేకేసింది.

"నేదత్తా. జాగాలో మోగిస్తాను, ఇనుకో," అంది అత్త లోపల్నుంచి.

కానీ మైకు దగ్గర నిలబడ్డ మనిషికి గుడ్డ చుట్టినా చప్పుడు పోలేదు. అత్తవి తియ్యక తప్పదన్నాడు మిషనతను. అత్త నన్ను పక్కకి పిలిచింది. చేతికి కొబ్బరినూనె రాసుకుని, ఎముకలు దగ్గరకి నొక్కి, గాజులు ఒక్కొక్కటే జార్చి నా చేతిలో పెట్టింది.

"మామ్మ కాడ గోడెంట కూకో. పాట ఆగినప్పుడు ఆడించు. ఇయ్యి నీ కాడున్నట్టు మామ్మకి సెప్పినావంటే తోలు ఒలిసేస్తాను."

అత్త చేతులు బోసిగా చూడటం నాకదే మొదటిసారి. కోపం కూడా వచ్చింది. చెవి పట్టుకుని నిజం చెప్పమనే మనిషి, నాచేత అబద్ధం ఆడిస్తోంది. ఏదో ఉంది అనుకున్నాను.

గోడ పక్కన కూర్చున్నాను. పాట మొదలైంది. మొదటి జాగా రాగానే గాజులు ఆడించాను, పిల్లచెయ్యి కదా, గలగలమని. పాట ముగిసేదాకా ఆగకుండానే మిషనతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరమ్మా అక్కడ!" అని ఉరిమాడు. మళ్ళీ మొదట్నుంచీ పాడించారు. ఈసారి జాగా దగ్గరపడుతున్నా గాజులు కదపలేదు. అప్పుడు మామ్మ చెయ్యి వచ్చి నా గుప్పిట మీద పడింది. వేళ్ళు విప్పి, గాజులు ఒక్కొక్కటీ తడిమింది. నూనె జిడ్డు వేళ్ళతో రాసి చూసింది. గాజులు తన ముంజేతికి తొడుక్కుంది. ఎముకా తోలూ అయిన చెయ్యి, ఇట్టే పట్టాయి. లోపల పాట ఆగింది. మామ్మ చెయ్యెత్తి, నీళ్ళు తోడుతున్నట్టు లాగింది. ఘల్లు. కాస్త ఆగి, ఘల్లుఘల్లు. అచ్చం అత్త.

మిషనతను ఈసారి ఆపలేదు, ఆ ముక్క తర్వాత కోసెయ్యొచ్చనుకున్నాడేమో. పాట అయ్యాక మామ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టింది. "మీ అత్తకి సెప్పకు," అంది.

ఇద్దరూ చెప్పొద్దన్నవాళ్ళే. మధ్యలో నేను. కడుపు ఉబ్బిపోయింది.

బయల్దేరబోయే ముందు షావుకారు సరదాగా మొదటి చరణం వెనక్కి తిప్పి అందరికీ వినిపించాడు. మా ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఓర్నాయనో, ఊపిరి పీల్సింది కూడా ఇనబడిపోతంది!" అని ఎవరో అన్నారు. అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. గాజులు తొడుక్కుంటూ రెండు విరక్కొట్టుకుంది. జాగా దాకా రాకుండానే బ్యాటరీ నీరసించి మిషను మూలిగి ఆగిపోయింది.

ఆ రోజునుంచి అత్తకి తిండి సయించలేదు. పాట ఎత్తితే సగంలో ఆపేసేది. "ఆ రికార్డు ఎప్పుడొస్తాది? ఊళ్ళో ఏస్తారా? మామ్మకి ఇనబడతాదా?" అని నన్నడిగేది. నాకేం తెలుసు! ఓ రోజు ఉన్నట్టుండి గంప నెత్తినెట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని బస్సెక్కించింది. రాజాంలో దిగాం. చేపలు అమ్మలేదు. తిన్నగా షావుకారు దుకాణానికి వెళ్ళింది.

అక్కడా మా మేడమీద పిల్లల్లాంటి బ్యాచ్చే. తెల్లచొక్కాలవాళ్ళు బెంచీల మీద కూర్చుని, ఏ రికార్డు కొనాలో, ఏది దండగో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. గంప వాసన తగలగానే ఒకాయన రుమాలు తీశాడు. అత్త పట్టించుకోలేదు.

"బాబూ, మా పాట ఓపాలి ఇనిపించండి. అందరికీ ఇనిపించక ముందు మేం ఇనాల."

షావుకారు మంచివాడు. అప్పుడే అచ్చయి వచ్చిన రికార్డు తీసి పెట్టాడు. అత్త గడప దగ్గర గొంతుక్కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా. మొదటి చరణం అయింది. వెంటనే రెండో చరణం వచ్చేసింది. మధ్యలో ఏమీ లేదు.

"మద్దిన జాగా ఉండాల గదా బాబూ?" అంది అత్త, మెల్లగా.

"మీరు పాట మరిచిపోయి ఆగిపోయారు కదమ్మా. ఎవరో గొణగడం, గాజుల చప్పుడు. ఆ ముక్కలన్నీ కోయించేశాను. ఖాళీగా ఉంటే జనం రికార్డు పాడైందనుకుంటారు."

అత్త నవ్వింది. ఆ చలికాలంలో నేను చూసిన నవ్వు అదొక్కటే. "మంచి పని సేసినారు బాబూ. మేం మరిసిపోనాం," అంది. వచ్చేటప్పుడు గంపలోంచి మంచి ఎండుచేపలు ఏరి బల్ల మీద పెట్టింది. రుమాలాయన బెంచీ దిగి బయటికి నడిచాడు. బస్టాండులో నాకు జీడిపాకం కొనిపెట్టింది. పాటలో ప్రాణం తీసేస్తే ఈమె సంతోషిస్తోందేమిటని, జీడిపాకం నములుతూ నేను ఆమెనే చూస్తున్నాను. అడిగితే, "తిను," అంది.

ఊళ్ళో రోడ్డు మీద టీ హోటల్లో రికార్డు వేసిన రోజున పెద్ద రభస. "జాగా ఏదిరా? మావోళ్ళ పేర్లు ఏటి సేసినాడు ఆ సావుకారు? దాసీసినాడా?" అని ఆడవాళ్ళు హోటలతని మీద పడ్డారు. అత్త ఒక్కర్తే, "పోన్లెండి," అంది. అందరూ ఆమెని అదోలా చూశారు. నేను మామ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మామ్మ చెవి అటు పెట్టి చివరిదాకా వింది.

"జాగా కోసీసారేటే?"

"కోసేశారు మామ్మా."

"పోన్లే. మంచి పనే," అంది.

అమ్మ లేచి తిరుగుతోందని కబురొస్తే నేను మా ఇంటికి వెళ్ళిపోయాను. మరుసటి వానాకాలం మామ్మ పోయింది. దినాలు కాగానే అత్త ఒక్కర్తే ఒడ్డుకి వెళ్ళి, గాజులు పగలగొట్టుకుని బోసిచేతులతో తిరిగొచ్చింది. ఊరు ఊరుకుంటుందా! "సూసినారా? ఇన్నాళ్ళూ కబురు అందింది, ఇప్పుడు పారాదీప్‌లో ఆడు పోయుంటాడు," అన్నారు. అత్త అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఎన్నో ఏళ్ళు అలాగే చేపలమ్ముకుని, నన్ను మళ్ళీ తన దగ్గరే పెట్టుకుని చదివించి, నాకు ఉద్యోగం వచ్చాక పోయింది. ఒక్కసారైనా అడగాల్సింది. ఆ తెడ్డు పొగ గుర్తున్నా నాకూ అనుమానమే మిగిలింది. మావ పారాదీప్‌లో చల్లగా సంసారం చేసుకున్నాడనీ, అత్త సిగ్గుతో దాచిందనీ, సగం నమ్ముతూ సగం నమ్మకుండా ఇంతకాలం గడిపేశాను.

మిరపకాయలు అలాగే వదిలేసి మెట్లెక్కాను. మోకాళ్ళ నొప్పి గుర్తురాలేదు.

"టీచరుగారూ, ఇది వినండి, మన రాజాంలో దొరికింది!" అన్నాడు మా అద్దె కుర్రాడు, మొహమంతా వెలిగిపోతూ. "పాత దుకాణం అటక మీద అసలు టేపు ఉందట. అప్పట్లో కోసేసిన ముక్కలతో సహా మళ్ళీ అచ్చు వేశారు. ఈ వారం నా సిఫారసు ఇదే."

"మొదట్నుంచీ పెట్టు," అన్నాను.

మొదటి చరణం అయింది. పాట ఆగింది. రికార్డు గరగర మధ్య నలుగురైదుగురు ఆడవాళ్ళ లోగొంతులు, దూరంగా. వాటన్నిటికంటే దగ్గరగా, మైకు అంచున, మా అత్త గొంతు. ఒక్క పేరు. రేషన్ కార్డు ఆఫీసులో నాచేత చెప్పించిన పేరు.

చాప మీద కూలబడ్డాను. ఎవరో నీళ్ళిచ్చారు.

అయితే తెలుసు. తెడ్డు దొరికిన రోజునుంచీ ఆమెకి తెలుసు. చూపులేని ముసలావిడకి తెల్లవారాలంటే గాజులు మోగాలి కాబట్టి, పుట్టెడు దుఃఖం కడుపులో పెట్టుకుని, ఊరి మాటలన్నీ పడుతూ నీళ్ళు తోడింది నా తల్లి. చేతులు బోసిగా ఉన్న ఆ కాసేపట్లోనే, నలుగురి లోగొంతుల్లో కలిసిపోతుందని ధైర్యం చేసి, ఒక్కసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలుచుకుంది. అది రికార్డులోకి ఎక్కి మామ్మ చెవిన పడుతుందని వణికిపోయింది.

ఆ పేరు వెనకే గాజులు. ఘల్లు. కాస్త ఆగి, ఘల్లుఘల్లు. అవి నేను మోగించినవి కావు.

ఆ రోజు పంటినొప్పి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. కొడుకు తెడ్డు కాలుతున్న వాసన తల్లికి తెలియకుండా ఉంటుందా? మామ్మకీ తెలుసు. తెలిసీ, కోడలి అబద్ధం బయటపడకూడదని, పోయిన కొడుకు బతికున్నాడని తన చేత్తో తనే గాజులు మోగించింది. గోడకి లోపల ఒకామె, బయట ఒకామె. ఒకే జాగాలో ఇద్దరూ ఉన్నారు. ఒకరికి తెలుసని రెండో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

పిల్లలు కంగారుపడ్డారు. నేను కొంగుతో మొహం తుడుచుకుని, దుమ్ము పడిందన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు, కళ్ళు చెబుతున్నాయి. తెలివైన పిల్ల. ఫోన్ తీసి పట్టుకుంది.

"మీ వైపు పాటే కదా టీచరుగారూ. ఈ ఖాళీలో ఆవిడ ఏదో మాట అంటోంది, పేరులా ఉంది. ఏంటది? తెలిస్తే మా గ్రూపులో రాస్తాం, అందరూ వింటారు."

అందరూ వింటారట. ఎవరు వీళ్ళందరూ? ఏం చేసుకుంటారు ఆ పేరు?

"పాట మరిచిపోయుంటారమ్మా," అన్నాను.

"మరి ఆ గాజుల చప్పుడో? పాడేవాళ్ళది కాదు, బయటెక్కడినుంచో వస్తోంది."

పిల్లలందరూ నా మొహంలోకే చూస్తున్నారు. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇంటి కోడలు నీళ్ళు తోడుతోంది," అన్నాను. "తెల్లారింది కదా."